మౌలాలీ కూత

కూతకు పోయేవాడి భయం కాళ్ళలో కనపడదు, గొంతులో వినపడుతుంది. మాచర్లలో కబడ్డీ చూసే ప్రతి ఒక్కడికీ ఆ సంగతి తెలుసు. అందుకే ఆ సాయంత్రం రైల్వే స్టేషన్ వెనక మైదానంలో మౌలాలీ నడిమి గీత దగ్గర వంగి "కబడ్డీ కబడ్డీ" అని అందుకోగానే, గట్టు మీద బీడీలు కాలుస్తున్న పెద్దవాళ్ళు మాటలాపేసి చెవులు రిక్కించారు. కూత సన్నగా, నీళ్ళందని బోరింగు పంపులా వచ్చింది. గీత మీద కాలు పెట్టాడో లేదో తెగిపోయింది. అవతలి జట్టులో ఎవడూ అతన్ని తాకలేదు. తాకేంత దూరంలో కూడా లేడు.

"ఏందిరా అది? కూతా, ఏడుపా?" అని గట్టు మీద నుంచి ఒకాయన అడిగాడు.

"ఊరుకో బాబాయ్, జలుబు చేసిందంట," అన్నాడు జట్టులో కుర్రాడొకడు.

జలుబు కాదని ఆ కుర్రాడికీ తెలుసు, బాబాయికీ తెలుసు. మౌలాలీ తలొంచుకుని బయటికి వచ్చి, బోర్లించిన తట్ట మీద కూర్చున్నాడు. శివరాత్రి దగ్గరికి వచ్చేసింది. కోటప్పకొండ తిరునాళ్ళ రోజుల్లో నరసరావుపేటలో పందెం. జట్టు మొత్తం అతని కూత మీదే నిలబడి ఉంది. ఆ కూతేమో గీత దాటడం లేదు.

మౌలాలీది దూదేకుల కుటుంబం. తండ్రి వింటితో దూది ఏకుతూ, ఆ దుమ్ముకే దగ్గి దగ్గి పోయాడు. తల్లి ఖదీజా పరుపులు కుట్టి కొడుకును పెంచింది. తండ్రి ఊపిరితిత్తులు దూది తినేసింది గానీ కొడుకు ఊపిరి మాత్రం ఊరంతా చెప్పుకునేది. చిన్నప్పుడు చంద్రవంక వాగులో మునిగితే, గట్టు మీద పిల్లలు భయపడి ఏడుపు అందుకునేదాకా తేలేవాడు కాదు. పెద్దయ్యాక లారీల షెడ్డులో పనికి కుదిరాడు. పగలు గేరుబాక్సులు దించడం, సాయంత్రం కూతకు పోవడం. ఒకే ఊపిరితో ముగ్గుర్ని తాకి గీతకు వచ్చిన రోజులున్నాయి. పల్నాటిలో ఎక్కడ పందెం పెట్టినా జనం ఒకటే మాట అనేవాళ్ళు: కూతకు మాచర్ల మౌలాలీ, పట్టుకు సాగరు అంతోని.

అంతోనిది విజయపురి సౌత్. తండ్రి డ్యామ్ గేట్ల దగ్గర పని చేస్తూ పోయాడు. తల్లి ఆరోగ్యమ్మ బడిలో ఆయా. అంతోని ఎడమ మూలన నిలబడి, తల దించి, పాములా దూకి చీలమండ పట్టేవాడు. పట్టాడంటే విడవడు. వాళ్ళిద్దరూ స్నేహితులు కారు, శత్రువులూ కారు. ఒకడి ఆట ఒకడికి చేతి గీతల్లా తెలుసు.

ఎనభై అయిదు డిసెంబరులో, క్రిస్మస్ పందేల్లో, గురజాలలో జరిగింది అది. మౌలాలీ కూతకు వెళ్ళాడు. ఇద్దర్ని తాకాడు. వెనక్కి తిరిగేసరికి అంతోని కాలికేసి దూకాడు. మౌలాలీ ఎగిరాడు. కిందికి పడేటప్పుడు మోకాలి కింద ఏదో మెత్తగా తగిలి, తర్వాత గట్టిగా తగిలింది. ఒక చప్పుడు వచ్చింది. పచ్చి కందికట్టె విరిచినట్టు. ఒక చేత్తో కాలు అందుకున్న అంతోని పట్టు వదులైంది. మౌలాలీ కూత ఆపలేదు. పాకుతూ, కూస్తూ, గీత అందుకుని, చేతులు పైకెత్తి, ఈలల కోసం చూశాడు. ఈలలు రాలేదు. అంతమంది జనంలో తన గొంతు ఒక్కటే వినపడుతోందని అప్పుడు తెలిసింది. వెనక్కి తిరిగి చూశాడు. అంతోని బోర్లా పడి ఉన్నాడు. మెడ ఉండాల్సిన తీరులో లేదు.

రిఫరీ పాయింట్లు ఇచ్చాడు. నిబంధన ప్రకారం అవి మౌలాలీవే.

అంతోనిని జీపులో ఎక్కించుకుని పోయారు. ఆ తర్వాత అతని సంగతి మౌలాలీకి ఎవ్వరూ చెప్పలేదు. చెప్పకపోవడానికి కారకుడు యల్లమంద మాస్టారు.

యల్లమంద మాస్టారు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. జట్టుకు అన్నీ ఆయనే. ఆ ఏడాది హైదరాబాదులో ఏదో శిక్షణ శిబిరానికి పోయి వచ్చాడు. వచ్చినప్పటి నుంచి కణత మీద వేలితో కొట్టుకుంటూ "ఆట ఒంట్లో లేదురా, ఇక్కడుంది" అనేవాడు. తెల్లారి ఒళ్ళు వంచేముందు కుర్రాళ్ళను బడి వరండాలో బాసింపట్లు వేయించి, కళ్ళు మూయించి, ఆటంతా మనసులో ఆడమనేవాడు. "నువ్వు గీత దగ్గరున్నావు. ఊపిరి పీల్చావు. కూత అందుకున్నావు. మూలనున్నోడు కదిలాడు. ఏం చేస్తావో చూసుకో." కుర్రాళ్ళు దానికి నిద్రబడి అని పేరు పెట్టారు. పేరు పెట్టినా ఫలితం కనపడింది. పట్టులో తొందరపడే కుర్రాడు కాచుకుని పట్టడం నేర్చుకున్నాడు. గొణుగుతూ అయినా అందరూ వచ్చేవాళ్ళు.

మౌలాలీకి మాత్రం అది నరకం. కళ్ళు మూయగానే గురజాల మైదానం వచ్చేది. ఎర్రదుమ్ము. గీత. కాలు కిందికి దూసుకొస్తున్న తల. తను ఎగరడం వరకు వచ్చేది, ఆ తర్వాత చీకటి, ఆ చీకట్లో చప్పుడు. ఒళ్ళు జలదరించి కళ్ళు తెరిచేవాడు. పక్కన కుర్రాళ్ళందరూ ప్రశాంతంగా కూర్చుని ఉండేవాళ్ళు. తనొక్కడికే ఒక మనిషి మెడ మళ్ళీ మళ్ళీ విరిగేది.

"నీ తప్పేం లేదురా," అనేవాడు మాస్టారు. "ఆటలో జరిగేయి జరుగుతయ్యి. మనసులోంచి తీసెయ్యి."

జట్టు కుర్రాళ్ళూ అదే మాట. గట్టు మీది పెద్దవాళ్ళూ అదే మాట. ఖదీజా ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసి, దర్గాకు తీసుకుపోయి నెమలీకల కట్టతో తల మీద కొట్టించి, "జడుసుకున్నావు అంతే, నీ తప్పేముంది నాయనా," అంది. ఆ మాట విన్నకొద్దీ మౌలాలీకి ఒళ్ళు ఇంకా చల్లబడేది. తన తప్పు లేకుండానే ఒకడి మెడ విరిగితే, రేపు ఇంకొకడిది విరగదని ఏముంది? తను చేసిందేమీ లేనప్పుడు మానుకోవడానికేముంది?

పైగా ఆ మౌనం. మాస్టారు అందర్నీ పోగేసి గట్టిగా చెప్పాడు: "అన్నం తింటున్నోడికి చావు కబురు చెబుతామా? చెప్పం. చెయ్యి కడుక్కున్నాక చెబుతాం. పందేలయ్యిందాకా వాడి ముందు అంతోని పేరెత్తితే తాట తీస్తా." మంచికే చెప్పాడు. మన వైపు ఎవరైనా అదే చేస్తారు. కానీ ఆ ఉత్తరువు సగం మౌలాలీ చెవిన పడింది. చావు కబురు అన్న మాట ఒక్కటీ పట్టుకున్నాడు. ఇక అంతోని పోయాడనే అనుకున్నాడు. తను టీ కొట్టు దగ్గరికి వెళ్తే మాటలాగిపోవడం, సాగరు బస్సు కనపడితే కుర్రాళ్ళు తనని వేరే వీధిలోకి లాక్కుపోవడం, ప్రతిదీ ఆ అనుమానానికి మేకు కొట్టినట్టే ఉండేది. ఎవర్నీ అడగలేదు. అడిగితే చెబుతారేమోనని భయం.

భయం మైదానంలో ఆగలేదు. షెడ్డుకొచ్చింది. ఒకరోజు జాకీ మీద లేపిన లారీ కిందికి పాకి గేరుబాక్సు బోల్టు విప్పుతుండగా పైన ఎవడో క్యాబిన్ ఎక్కాడు. లారీ కొంచెం ఊగింది. మౌలాలీ కళ్ళు గట్టిగా మూసుకుపోయాయి. చేతులు బోల్టు మీదే బిగుసుకున్నాయి. బయటికి రాలేడు, పని చేయలేడు. షెడ్డు యజమాని అలీ సాహెబ్ కాళ్ళు పట్టుకుని బయటికి లాగాడు.

"ఏం బేటా, కింద చల్లగా ఉందని నిద్రపోయావా?" అని నవ్వబోయి, ముఖం చూసి ఆగిపోయాడు. "కొన్నాళ్ళు నువ్వు పానాలందించు చాలు. కిందికి ఇంకొకడు పోతాడు," అన్నాడు.

మెత్తగానే అన్నాడు. ఆ మెత్తదనమే మౌలాలీని పొడిచింది. గీత దాటలేనివాడు, లారీ కిందికి పోలేనివాడు, ఇక తను దేనికి? మర్నాడు షెడ్డుకు పోలేదు. మాస్టారికి చెప్పలేదు. సాగరు బస్సెక్కాడు.

బస్సులో దారి పొడవునా ఒకటే బొమ్మ: ఒక గది, గోడకు అంతోని ఫొటో, దానికి దండ. ఎండిపోయిన కొండలు, ముళ్ళ చెట్లు కిటికీలో వెనక్కి పోతున్నాయి. రెండు చోట్ల దిగిపోదామని లేచాడు. "దిగుతావా, కూర్చుంటావా? నాటకాలాడొద్దు," అని కండక్టరు కసిరితే కూర్చున్నాడు.

విజయపురి సౌత్‌లో దిగి, కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకుంటున్న ఒకామెను అంతోని ఇల్లు అడిగాడు.

"ఆ మెడ విరిగినోడిల్లా?" అందామె. "ఆ చివరి వరసలో ఉంది. ఇప్పుడెందుకులే నాయనా అక్కడికి..." అని బిందె నిండిపోతుంటే అటు తిరిగింది. వాక్యం పూర్తి చేయలేదు. ఆమె వదిలేసిన ఆ మాటను మౌలాలీ మనసే పది రకాలుగా పూర్తి చేసుకుంది.

గుమ్మంలో ఆరోగ్యమ్మ చాటలో బియ్యం ఏరుతోంది. తలెత్తి చూసింది. గుర్తుపట్టింది. చాట పక్కన పెట్టింది.

"నువ్వా?" అంది. "దారి తెలిసిందా ఇప్పటికి? మీ మాస్టారు ఎన్ని తడవలొచ్చాడో. బత్తాయిలు తెచ్చి, మంచం పక్కన కూర్చుని పోతాడు. నువ్వెందుకు రాలేదురా?"

మంచం పక్కన అన్న మాట మౌలాలీ తలలోకి దిగడానికి కొంచెం సేపు పట్టింది.

లోపలి నుంచి ఒక గొంతు వచ్చింది. "ఎవరమ్మా? మాచర్లోడేనా? చచ్చానో లేదో చూసి పోదామని వచ్చాడేమో. ఇంకా లేదని చెప్పు. కూర్చోమను."

అంతోని నవారు మంచం మీద గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. మెడ చుట్టూ గడ్డం దాకా తోలు పట్టీ. మెడ తిప్పలేడు. మౌలాలీని చూడటానికి ఒళ్ళంతా తిప్పాడు. ఎడమచేతి వేళ్ళు ఒళ్ళో తమవి కానట్టు పడి ఉన్నాయి. బాగా చిక్కిపోయాడు.

మౌలాలీ కింద కూలబడి, మంచం కోడు పట్టుకుని ఏడ్చాడు. "అంతోనీ, నా వల్లేరా... నా తప్పేరా..."

"అవును, నీ తప్పే," అన్నాడు అంతోని.

మౌలాలీ ఏడుపు ఆగిపోయింది. ఇన్నాళ్ళలో ఎవరూ అనని మాట అది.

"అందరూ నీ తప్పేం లేదన్నారు," అన్నాడు పిచ్చివాడిలా చూస్తూ.

"వాళ్ళు గట్టు మీదున్నారు. నేను నీ మోకాలి కిందున్నా. ఎవడికి బాగా కనపడుద్ది?" అంతోని కొంచెం ఊపిరి తీసుకున్నాడు. ఎక్కువ మాట్లాడితే ఆయాసం. "నేను తల కిందికి పెట్టి దూకా. అట్టా దూకొద్దని మావోళ్ళు చానా సార్లు చెప్పారు. అది నా తప్పు, దాన్ని నేను మోస్తన్నా. నీదేందో చెప్పనా? నువ్వు కళ్ళు మూశావు."

"కళ్ళా?"

"నేను దూకుతా నీ మొహమే చూస్తన్నా. నన్ను చూశావు, భయపడ్డావు, కళ్ళు మూసుకుని ఎగిరావు. కళ్ళు మూసుకుంటే మోకాలు యాడ పడుద్దో దానికేం తెలుసురా? పక్కన జానెడు నేల ఖాళీగా ఉంది. చూసుంటే అక్కడ పడేది."

మౌలాలీకి రోజూ వరండాలో వచ్చే చీకటి గుర్తొచ్చింది. ఎగిరాక ఏమీ కనపడని ఆ చీకటి. అది మరుపు కాదన్నమాట. తను చూడలేదు కాబట్టే అక్కడ బొమ్మ లేదు. లారీ కింద మూసుకుపోయిన కళ్ళు కూడా గుర్తొచ్చాయి. ఒళ్ళంతా చల్లబడింది. కానీ ఈ చలి వేరు. ఇన్నాళ్ళూ భయం ఆకాశమంత ఉంది, ఎక్కడ పట్టుకోవాలో తెలిసేది కాదు. ఇప్పుడది కనురెప్పంత అయింది. చిన్నదై మరీ ముదిరింది.

"లేచి నిలబడు," అన్నాడు అంతోని. "కూత పెట్టు."

"ఇక్కడా?"

"మీ ఊళ్ళో గీత దాటట్లేదంటగా. మాస్టారు చెప్పి ఏడ్చాడు. పెట్టు, చూద్దాం."

"వద్దురా అంతోనీ, మీ అమ్మ..."

గుమ్మంలో నిలబడిన ఆరోగ్యమ్మ ముఖం రాయిలా ఉంది. "పెట్టనీ," అంది. "గురజాల నుంచి వచ్చినోళ్ళందరూ చెప్పారు, నా బిడ్డ పడిపోయినాక కూడా ఆ కూత ఆగలేదని. రోజూ చెవిలో మోగుతానే ఉంది, వినకుండానే. ఎట్టా ఉంటదో వింటా."

మౌలాలీ లేచాడు. "కబడ్డీ" అన్నాడు. గొంతు పగిలింది. మళ్ళీ అందుకున్నాడు. ఆ చిన్న గదిలో కూత గోడలకు కొట్టుకుని తిరిగొచ్చింది. ఆరోగ్యమ్మ పైట కొంగు నోట్లో కుక్కుకుంది గానీ అక్కడి నుంచి కదల్లేదు. అంతోని కుడిచేత్తో మంచం కింది చెప్పు తీసి మౌలాలీ మోకాళ్ళకేసి విసిరాడు.

"మూశావు! మళ్ళీ."

చెప్పు ఏరుకుని ఇచ్చాడు. మళ్ళీ కూత. మళ్ళీ చెప్పు.

"మూశావురా గాడిదా! మళ్ళీ."

పక్కింటివాళ్ళు వచ్చి గుమ్మంలోంచి తొంగిచూశారు. మెడ విరిగినవాడు మెడ విరిచినవాడిని చెప్పుతో కొడుతున్నాడని, అది న్యాయమేనని అనుకుని పోయారు. ఎండ గుమ్మం దాటేవేళకు, చెప్పు మోకాలికి తగులుతున్నా మౌలాలీ రెప్ప పడలేదు. కళ్ళలో నీళ్ళు మాత్రం కారుతూనే ఉన్నాయి.

"ఇక పో," అన్నాడు అంతోని. అలిసిపోయి గోడకు ఒరిగాడు. "మళ్ళీ ఎవడి మీదన్నా కళ్ళు మూసుకుని పడ్డావని తెలిస్తే, ఈ చెయ్యి బాగయ్యిందాకా కూడా ఆగను."

మౌలాలీ ఊళ్ళో దిగగానే యల్లమంద మాస్టారు ఎగిరిపడ్డాడు. "ఎవణ్ణి అడిగి పోయావురా? పందెం ముందు మనసు చెడగొట్టుకోవటానికా?" మౌలాలీ జరిగిందంతా చెప్పాడు. మాస్టారు అరుగు మీద కూర్చుండిపోయాడు. ఆయన పద్ధతిలో దోషం లేదు, దాచిపెట్టడంలో ఉంది. అది ఆయనకే తెలిసింది. చివరికి, "రేపు తెల్లారి అదే ఆట చూడు," అన్నాడు. "ఎగిరాక ఆపొద్దు. కిందపడిందాకా చూడు. వాడి తల యాడుందో, నేల యాడుందో నాకు చెప్పు."

మర్నాడు వరండాలో మౌలాలీ చూశాడు. అంతోని నడినెత్తి, చెవి వెనక అంటిన ఎర్రదుమ్ము, పక్కన జానెడు ఖాళీ నేల. వణుకుతూనే చెప్పాడు. మనసులోనే మోకాలు ఆ నేల మీద పెట్టాడు. రోజూ పెట్టాడు. వణుకు పోలేదు. సాయంత్రాలు కూత గీత దాటింది. మునుపటిలా గంటలా మోగలేదు. గరగరమంది. గట్టు మీది పెద్దవాళ్ళు మళ్ళీ బీడీలు ముట్టించుకున్నారు.

నరసరావుపేటలో చిలకలూరిపేట మిల్లు కుర్రాళ్ళు ఎదురుపడ్డారు. తిరునాళ్ళ జనం, మైకు, దుమ్ము. వాళ్ళ ఎడమ మూలన పొడుగాటి మనిషి ఒకడు తల దించి కాచుకుని ఉన్నాడు. మౌలాలీ మొదటి కూతలో అటువైపే పోలేదు. రెండో కూతలో పోక తప్పలేదు.

తిరిగొస్తుండగా ఆ పొడుగుమనిషి అచ్చం అలాగే దూకాడు. మౌలాలీ ఎగిరాడు. రెప్పలు పడబోయాయి. పడనివ్వలేదు. కింద నల్లని తల, వెనక చెమట పట్టిన మెడ, ఆ మెడ మీదికే దిగుతున్న తన మోకాలు. అన్నీ కనపడ్డాయి. చూడటం ఎంత భయంకరమో అప్పుడు తెలిసింది. నడుము విసిరి మోకాలు పక్కకు కొట్టాడు. నేల తగిలి ఎముక జివ్వుమంది. ఆ విసురులో ఊపు పోయింది. పొడుగుమనిషి కాలు దొరకబుచ్చుకున్నాడు, మిగతావాళ్ళు మీద పడ్డారు. గీత చెయ్యి చాచితే అందేంత దూరంలో ఉండగా కూత తెగింది.

జనం గోల చేశారు. మౌలాలీకి అదేమీ పట్టలేదు. తన మీది మనుషుల్ని తోసుకుని లేచి, ఆ పొడుగుమనిషి భుజం పట్టి తిప్పి, మెడ తడిమి చూశాడు.

"ఏందన్నా, మెడ పిసుకుతున్నావు?" అని వాడు బెదిరి వెనక్కి జరిగాడు.

"మెడ తిప్పు. ఒకసారి అటూ ఇటూ తిప్పు."

వాడు పిచ్చివాణ్ణి చూసినట్టు చూస్తూ తిప్పాడు. తిరిగింది. మౌలాలీ బయటికి వచ్చి కూర్చున్నాడు.

"పక్కకి పడకుండా ఉంటే గీత అందేది గదరా," అన్నాడు ఒక కుర్రాడు.

"నోర్ముయ్యి," అన్నాడు మాస్టారు.

ఆ పందెం చివరికి మాచర్ల ఓడిపోయింది. అయితే అంతకుముందు, అవతలివాడొకడు అవుటై మౌలాలీ మళ్ళీ ఆటలోకి వచ్చాడు. మాస్టారు గీత పక్కన వంగి మెల్లగా అడిగాడు. "పోతావా, ఇంకొకణ్ణి పంపనా? పోకపోయినా నేనేమనను."

"భయంగా ఉందండీ."

"తెలుసు."

"పోతా."

మౌలాలీ ఊపిరి పీల్చాడు. కూత అందుకోగానే గొంతు వణికింది. మైదానమంతా విన్నది, అవతలి జట్టు విన్నది, మూలనున్న పొడుగుమనిషి విని నవ్వి తల దించాడు. మౌలాలీ గీత దాటి, కళ్ళు తెరుచుకుని, వాడి వైపే నడిచాడు.